కాఫీ మేకర్‌కి ఉప్పు పడితే: వెనిగరా, నిమ్మ ఉప్పా, కంపెనీ డీస్కేలరా?

ముందే తేల్చి చెప్పేస్తాను. మీది గాజు జగ్గు ఉన్న మామూలు డ్రిప్ కాఫీ మేకర్ అయితే కిరాణా కొట్లో నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆమ్లం పొడి) ప్యాకెట్ కొనండి. ఇంట్లో తెల్ల వెనిగర్ సీసా ఎలాగూ ఉందంటే దాంతోనూ పనైపోతుంది, వాసన భరించగలిగితే చాలు. క్యాప్సూల్ మెషీనో ఎస్ప్రెస్సో మెషీనో అయితే ఈ రెండూ పక్కన పెట్టి, కంపెనీ చెప్పిన డీస్కేలరే, అంటే లోపల పట్టిన ఉప్పును కరిగించే మందే వాడండి. నిమ్మకాయలు, వంటసోడా, చింతపండు లాంటివి మాత్రం ఏ మెషీన్‌ లోపలికీ పంపకండి.

ఇక్కడితో ఆపేసినా నష్టం లేదు. ఎందుకు, ఎంత, ఎలా అన్నవి కావాలంటే కింద ఉన్నాయి.

మురికి ఒకటి కాదు, రెండు

చాలామంది వెనిగర్ పోసి, మెషీన్ నడిపి, జగ్గు అడుగున గోధుమ రంగు మరక అలాగే ఉందని చూసి "వెనిగర్‌తో ఏమీ కాలేదు" అంటారు. అది వెనిగర్ తప్పు కాదు. కాఫీ మేకర్‌లో నీళ్లు నడిచే దారి వేరు, కాఫీ నడిచే దారి వేరు. నీళ్లు నడిచే దారిలో, అంటే ట్యాంకు అడుగున, లోపలి గొట్టంలో, పైనుంచి నీళ్లు చిమ్మే చిల్లుల్లో పేరుకునేది తెల్లటి సున్నపు పొర. మనం ఉప్పు పట్టింది అంటాం. ఇది ఆమ్లం తగిలితేనే కరుగుతుంది. కాఫీ నడిచే దారిలో, అంటే ఫిల్టర్ బుట్ట, జాలీ, జగ్గు, దాని మూతలో అంటుకునేది కాఫీ గింజల్లోని నూనెల జిడ్డు. చికోరీ కలిపిన పొడి వాడే ఇళ్లలో ఆ మరక ఇంకాస్త ముదురుగా కనిపిస్తుంది. దానికి ఆమ్లంతో పెద్దగా పని జరగదు. గిన్నెలు తోమే లిక్విడ్, వేడినీళ్లు, మరీ మొండిగా ఉంటే కాస్త వంటసోడా కావాలి.

కాబట్టి ఏది కొనాలో తేల్చుకునే ముందు మీ బాధ ఏమిటో చూసుకోండి. డికాక్షన్ పాతవాసన వేస్తోంది, చేదుగా ఉంది, మూత లోపల వేలు పెడితే జారుతోంది అంటే అది జిడ్డు. బుట్ట, జాలీ, జగ్గు విప్పి, చెంచాడు వంటసోడా కలిపిన వేడినీళ్లలో అరగంట నానబెట్టి కడిగితే చాలు, డీస్కేలింగ్ జోలికి వెళ్లక్కర్లేదు. అలా కాక, మునుపు గబగబా దిగే డికాక్షన్ ఇప్పుడు నత్తనడక నడుస్తోంది, మెషీన్ బుసబుసమంటూ ఆవిరి కక్కుతోంది, ట్యాంకులో కాసిన్ని నీళ్లు మిగిలిపోతున్నాయి, జగ్గులో కాఫీ మునుపటంత వేడిగా లేదు అంటే అది ఉప్పు.

ఆ నత్తనడక ఎందుకో తెలియాలంటే లోపల జరిగేది ఒక్కసారి ఊహించుకోవాలి. మామూలు డ్రిప్ మెషీన్‌లో పంపు ఉండదు. ట్యాంకులోని చన్నీళ్లు ఒక చిన్న వాల్వు దాటి, అడుగున హీటర్‌కు అతికి ఉన్న గొట్టంలోకి దిగుతాయి. ఆ గొట్టం చాలా మెషీన్లలో అల్యూమినియమే. అక్కడ నీళ్లు మరిగి, పుట్టిన ఆవిరి బుడగలే వేడినీళ్లను పైకి నెట్టి కాఫీ పొడి మీద చల్లుతాయి. జగ్గు కింద ఉండే వేడి పళ్లేనికీ అదే హీటర్. ఇప్పుడు ఆ గొట్టం లోపల సున్నం పేరుకుందనుకోండి. దారి సన్నబడుతుంది, హీటర్ వేడి నీళ్లకు చేరకుండా లోహంలోనే ఆగిపోతుంది. హీటర్ మితిమీరి వేడెక్కుతుంది, థర్మోస్టాట్ కట్ చేస్తుంది, చల్లబడ్డాక మళ్లీ వెలుగుతుంది. ఇది ముదిరితే ఒకరోజు లోపలి థర్మల్ ఫ్యూజ్ పోతుంది. అప్పుడు ఎన్ని వెనిగర్ సీసాలు పోసినా మెషీన్ లేవదు.

నీళ్ల సంగతి

పదో తరగతి వరకు చదివిన ప్రతివాళ్లూ తాత్కాలిక కాఠిన్యం, శాశ్వత కాఠిన్యం అని పాఠం చదివే ఉంటారు. దాని అసలు ప్రయోగశాల మన కాఫీ మేకరే. నీళ్లలో కరిగి ఉన్న కాల్షియం బైకార్బొనేట్ వేడి తగలగానే విడిపోయి, కాల్షియం కార్బొనేట్‌గా గోడకు అతుక్కుంటుంది. సున్నపురాయి కూడా ఇదే పదార్థం.

తాగునీటికి మన బీఐఎస్ ప్రమాణం, ఐఎస్ 10500, మొత్తం కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాముల దాకా ఉంటే మంచిదంటుంది. వేరే దిక్కు లేకపోతే 600 దాకా అనుమతిస్తుంది. 600 ఉన్న బోరు నీళ్లను రోజుకో లీటరు పోస్తే నెలకు 18 గ్రాముల ఖనిజం మీ మెషీన్ గుండా ప్రయాణిస్తుంది. అదంతా లోపలే ఉండిపోదు లెండి, ఎక్కువ భాగం డికాక్షన్‌తో పాటే జగ్గులోకి దిగిపోతుంది. ఆగిపోయిన ఆ కాస్తే నెలల తరబడి పేరుకుని ఇబ్బంది పెడుతుంది.

హైదరాబాద్‌లో మంజీరా, కృష్ణా, గోదావరి నల్లా నీళ్లు వచ్చే ఇళ్లకూ, బోరు మీదా ట్యాంకర్ మీదా బతికే అపార్ట్‌మెంట్లకూ ఈ విషయంలో పోలికే లేదు. ఒకే వీధిలో రెండు ఇళ్ల కాఫీ మేకర్లు రెండు రకాలుగా పాడవుతాయి. ఇక్కడో చిన్న హెచ్చరిక: ఆర్వో మెకానిక్ మీటర్ ముంచి చూపించే టీడీఎస్ అంకె, అంటే నీళ్లలో కరిగి ఉన్న మొత్తం పదార్థాల లెక్క, కాఠిన్యం కాదు. అందులో మామూలు ఉప్పు లాంటివి కూడా లెక్కకొస్తాయి, అవి పొర కట్టవు. సబ్బు నురగ రాకపోవడం, కుళాయి చివర తెల్ల గడ్డలు కట్టడం, కెటిల్ అడుగు తెల్లబడటం, ఇవే నమ్మదగ్గ గుర్తులు.

ఏదైనా కొనే ముందు ఒక చిన్న పరీక్ష చేయండి. అదే నీళ్లు కాగే కెటిల్ నుంచో గీజర్ బకెట్‌లో పడిన పెచ్చుల నుంచో గోరంత ముక్క తీసి, స్టీలు చెంచాలో వేసి, నాలుగు చుక్కల వెనిగర్ పోయండి. ముక్క చుట్టూ సన్నటి బుడగలు వరసగా లేస్తూ, అది మెల్లగా చెంచాలో జరుగుతూ కరిగిపోతుంటే అది కార్బొనేట్. ఈ వ్యాసంలోని మందులన్నీ దానికి పనిచేస్తాయి. బుడగే రాకుండా రాయిలా కూర్చుంటే అందులో సల్ఫేటో సిలికానో ఎక్కువని అర్థం. దానికి వెనిగరూ సరిగా పనిచేయదు, నిమ్మ ఉప్పూ సరిగా పనిచేయదు. అలాంటి ఇంట్లో డబ్బు డీస్కేలర్ మీద కాదు, మెషీన్‌లో పోసే నీళ్లు మార్చడం మీద పెట్టాలి.

వెనిగర్‌కీ నిమ్మ ఉప్పుకీ అసలు తేడా

మొదట వెనిగర్ గట్టిదనం చూద్దాం. మన ఆహార నిబంధనల ప్రకారం వెనిగర్‌లో కనీసం 3.75 శాతం ఎసిటిక్ ఆమ్లం ఉండాలి. ఇక్కడ కొట్లో దొరికే తెల్ల సింథటిక్ వెనిగర్ సీసాలు చాలావరకు 4 శాతం చుట్టూనే ఉంటాయి. అమెరికాలో గ్యాలన్ డబ్బాల్లో అమ్మే తెల్ల వెనిగర్ మామూలుగా 5 శాతం. డాలస్‌లో ఉన్న అక్క చెప్పిన కొలతే హైదరాబాద్‌లో చెల్లకపోవడానికి ఇదొక కారణం. అక్కడ సగం వెనిగర్ సగం నీళ్లతో అయ్యే పనికి ఇక్కడ నీళ్లు కాస్త తగ్గించుకోవాలి.

శక్తి లెక్కేస్తే ఆశ్చర్యంగా రెండూ పక్కపక్కనే నిలబడతాయి. 4 శాతం వెనిగర్ అర లీటరులో 20 గ్రాముల ఆమ్లం ఉంటుంది. కాగితం మీద అది 16, 17 గ్రాముల సున్నపు పొరను కరిగించగలదు. 25 గ్రాముల నిమ్మ ఉప్పు, అంటే సుమారు రెండు టేబుల్ స్పూన్లు, 17, 18 గ్రాముల దాకా కరిగిస్తుంది. లోపల అంత పూర్తిగా కరిగే అవకాశం రెండింటికీ లేదు గానీ, పోలికకు ఇది చాలు. ఒక సీసాలో చాలాభాగం ఒక్కసారికే అయిపోయే వెనిగర్ చేసే పనిని, రెండు చెంచాల పొడి చేసేస్తుంది. పావు కిలో ప్యాకెట్ తెస్తే పదిసార్లు వస్తుంది. మన దగ్గర ధర విషయంలో నిమ్మ ఉప్పుదే పైచేయి. అమెరికాలో మాత్రం గ్యాలన్ వెనిగర్ అంత చవకగా దొరుకుతుంటే ఈ లెక్క అంత గట్టిగా నిలబడదు.

రెండోది వాసన. నా దృష్టిలో అసలు తీర్పు ఇక్కడే. ఎసిటిక్ ఆమ్లం ఆవిరయ్యే రకం. మెషీన్ ఆన్ చేసిన నిమిషంలో వంటిల్లంతా ఆ ఘాటు కమ్ముతుంది, కళ్లు మండుతాయి. ఆస్తమా ఉన్నవాళ్లు ఇంట్లో ఉంటే కిటికీలు తెరిచి, వాళ్లను వేరే గదిలో కూర్చోబెట్టాకే మొదలుపెట్టాలి. పని అయ్యాక కూడా ఆ వాసన రబ్బరు వాషర్లలో, ప్లాస్టిక్ మూతలో దాక్కుని మర్నాడు డికాక్షన్‌లో పలకరిస్తుంది. రెండు మూడు ట్యాంకుల మంచినీళ్లు నడిపితే గానీ వదలదు. నిమ్మ ఉప్పు ఆవిరి కాదు, వాసన లేదు, రెండు ట్యాంకులతో కడుక్కుపోతుంది. ఉదయం కాఫీ పడకపోతే మనిషి కాని వాళ్లున్న ఇంట్లో ఈ తేడా చిన్నది కాదు.

అలాగని నిమ్మ ఉప్పుకు తంటాలు లేవనుకోకండి. మొదటిది, అది చూడటానికి అచ్చం పంచదారలా, ఉప్పులా ఉంటుంది. పేరు రాసిన సీసాలో, మూత బిగించి, పోపుల పెట్టెకు దూరంగా పెట్టాలి. తేమ తగిలితే గడ్డ కడుతుంది. రెండోది, పలుకులు కరగకుండా ట్యాంకులో వేస్తే వెళ్లి ఆ చిన్న వాల్వులోనే ఇరుక్కుంటాయి. బయట గిన్నెలో గోరువెచ్చటి నీళ్లలో పూర్తిగా కరిగించి, పలచటి గుడ్డలో వడకట్టి పోయాలి. మూడోది ఎక్కువమందికి తెలియదు. నిమ్మ ఉప్పు, కాల్షియం కలిస్తే కాల్షియం సిట్రేట్ పుడుతుంది. అది నీళ్లలో అంతంత మాత్రంగానే కరుగుతుంది, పైగా నీళ్లు వేడెక్కేకొద్దీ ఇంకా తక్కువ కరుగుతుంది. అందుకే దట్టంగా పేరుకున్న మెషీన్‌లో చిక్కటి నిమ్మ ఉప్పు ద్రావణం పోసి మరిగిస్తే, ఒక తెల్లపొర పోయి ఇంకో తెల్లపొర కూర్చునే ప్రమాదం ఉంది. లీటరుకు రెండు టేబుల్ స్పూన్లు దాటకండి. పొర మందంగా ఉంటే ఒకేసారి నాలుగు చెంచాలు వేయడం కంటే పలచగా రెండుసార్లు చేయడం మేలు. ఈ ఒక్క విషయంలో వెనిగర్‌కు మార్కులు వేయాలి: కాల్షియం ఎసిటేట్ నీళ్లలో బాగా కరుగుతుంది, పేరుకోదు. ఏళ్ల తరబడి ఎవరూ పట్టించుకోని మెషీన్ మీ చేతికొస్తే, మొదటి విడత వెనిగర్‌తో చేసి తర్వాత నిమ్మ ఉప్పుకు మారండి.

రెండింటికీ కలిపి ఒక మాట. లోపలి గొట్టం అల్యూమినియం కావచ్చు కాబట్టి ఏ ఆమ్లాన్నీ రాత్రంతా నానబెట్టొద్దు. అరగంట, మహా అయితే ముప్పావుగంట.

వెనిగర్ కొంటే తెల్లదే కొనండి. యాపిల్ సైడర్ వెనిగర్, రంగు వెనిగర్ వద్దు, అవి జిగురునూ వాసననూ వదిలిపోతాయి. ల్యాబుల్లో వాడే గాఢ ఎసిటిక్ ఆమ్లం వైపు చూడనే వద్దు, చర్మం కాలుతుంది.

కంపెనీ డీస్కేలర్ ఎప్పుడు

సీసా మీద ఎంత గొప్ప పేరున్నా లోపల ఉండేది కూడా ఆమ్లమే. కొన్నింటిలో సిట్రిక్, కొన్నింటిలో లాక్టిక్, కొన్నింటిలో సల్ఫామిక్. డెలోంగి అమ్మే డీస్కేలర్ లాక్టిక్ ఆమ్లం ఆధారంగా చేసింది. అలాంటప్పుడు డ్రిప్ మెషీన్‌కు అంత డబ్బు ఎందుకు? నా లెక్కలో అక్కర్లేదు. మాన్యువల్‌లో వెనిగర్ వాడొచ్చని రాసి ఉంటే హాయిగా వాడుకోండి.

క్యాప్సూల్, ఎస్ప్రెస్సో మెషీన్ల సంగతి వేరు. అందులో పంపు ఉంటుంది, సన్నటి దారులు, చిన్న చిన్న సీళ్లు, వాల్వులు ఉంటాయి. నెస్ప్రెస్సో అయితే వెనిగర్ వాడొద్దని సూటిగానే చెబుతుంది. వారంటీలో ఉన్న మెషీన్‌లో మీరు వెనిగర్ పోశారని తెలిస్తే సర్వీస్ సెంటర్ వాళ్లు చేతులెత్తేస్తారు. ఇంకో సంగతి: చాలా మెషీన్లలో డీస్కేల్ లైటు మెషీన్ సొంత డీస్కేలింగ్ ప్రోగ్రామ్ నడిస్తేనే ఆరుతుంది. ఊరికే ఆమ్లం పోసి మామూలుగా నడిపితే లోపల శుభ్రమైనా లైటు వెలుగుతూనే ఉంటుంది. ఏడాదికి రెండు మూడుసార్లు కొనే సీసా, వేలు పోసి కొన్న మెషీన్. అక్కడ పిసినారితనం పనికిరాదు.

వద్దన్నవి ఎందుకు వద్దంటే

నిమ్మరసంలోనూ ఉండేది సిట్రిక్ ఆమ్లమే, 5, 6 శాతం దాకా. కానీ పైన చెప్పిన రెండు చెంచాల పొడికి సమానం కావాలంటే పదిహేను ఇరవై కాయలు పిండాలి. పిండినా గుజ్జు, చక్కెరలు గొట్టంలో ఉండిపోతాయి. ఆ కాయలతో పులిహోర కలుపుకోండి. చింతపండు ఇత్తడి ఫిల్టర్ పైపైన తోమడానికి ఇప్పటికీ తిరుగులేదు గానీ, దాని ఆమ్లం కాల్షియంతో కలిస్తే కరగని పదార్థం ఏర్పడుతుంది, కాబట్టి మెషీన్‌ లోపలికి వద్దు.

వంటసోడా, వెనిగర్ కలిపి పోస్తే బాగా పొంగుతుంది. పొంగడం చూసి శుభ్రమవుతోందనుకుంటారు. నిజానికి రెండూ ఒకదాన్నొకటి చంపుకుంటున్నాయి. మిగిలేది కాస్త ఉప్పునీళ్ల లాంటి ద్రావణం, సున్నానికీ పనికిరాదు, జిడ్డుకూ పనికిరాదు. సోడా జగ్గుకు, వెనిగర్ గొట్టానికి. వేర్వేరు రోజుల్లో, వేర్వేరుగా.

బాత్రూమ్ యాసిడ్ గురించి రాయాల్సిన అవసరం ఉండకూడదు, అయినా రాస్తున్నాను: వద్దు. బ్లీచ్‌ కూడా వద్దు. ముఖ్యంగా బ్లీచ్, వెనిగర్ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది, అది ప్రాణాల మీదికి తెస్తుంది.

చేసే పద్ధతి

ఒక లీటరు ట్యాంకు ఉన్న డ్రిప్ మెషీన్‌ను దృష్టిలో పెట్టుకుని చెబుతున్నాను. ట్యాంకులో బొగ్గు ఫిల్టర్ ఉంటే ముందు తీసి పక్కన పెట్టండి. బుట్టలో పొడి లేకుండా చూసుకోండి, కాగితపు ఫిల్టర్ ఒకటి వేస్తే ఊడి వచ్చే పెచ్చులు దాంట్లో పడతాయి. వెనిగర్ అయితే 600 మి.లీ. వెనిగర్, 400 మి.లీ. నీళ్లు. నిమ్మ ఉప్పు అయితే లీటరు గోరువెచ్చటి నీళ్లకు రెండు టేబుల్ స్పూన్లు, కరిగించి వడకట్టినవి. మెషీన్ ఆన్ చేసి సగం ద్రావణం జగ్గులోకి దిగాక ఆపేయండి. గొట్టంలో వేడి ద్రావణం ఉండగా ఆపడంలోనే కిటుకంతా ఉంది. అరగంట తర్వాత మిగతా సగం నడపండి.

జగ్గులో దిగినదాన్ని వెలుతురుకు పట్టి చూస్తే తెల్లటి రేకులు అడుగున తిరుగుతూ కనిపిస్తాయి. అవి మరీ ఎక్కువగా ఉంటే, ఆ ద్రావణాన్నే మళ్లీ ట్యాంకులో పోయకండి, అవే రేకులు మళ్లీ లోపలికి పోతాయి. పారబోసి కొత్తది కలుపుకోండి. చివర్లో మంచినీళ్లు, నిమ్మ ఉప్పుకు రెండు ట్యాంకులు, వెనిగర్‌కు మూడు. ఆఖరి ట్యాంకు నీళ్లు కాస్త చల్లార్చి ఒక గుక్క రుచి చూడండి. పులుపు తగిలిందంటే ఇంకొక ట్యాంకు. జాలీని, బుట్టను విడిగా సబ్బుతో కడిగి, ట్యాంకు మూత తెరిచి ఆరనివ్వండి.

ఎన్నాళ్లకోసారి అని అడిగితే తేదీ చెప్పడం కంటే కెటిల్‌ను చూడమంటాను. అదే నీళ్లు కాగే కెటిల్ అడుగు తెల్లబడిందంటే మెషీన్‌లోనూ అదే జరిగింది. లెక్క కావాల్సినవాళ్లకు: రోజూ వాడితే, ముదురు బోరు నీళ్లకు నెలకోసారి, నల్లా నీళ్లకు రెండు మూడు నెలలకోసారి, ఆర్వో నీళ్లకు ఏడాదికి రెండుసార్లు సరిపోతుంది. ఆర్వో లేనివాళ్లు బోరు నీళ్లను ముందే బాగా మరగబెట్టి, చల్లార్చి, అడుగున పేరుకున్నది కదలకుండా పైన తేరిన నీళ్లు పోసుకుంటే కూడా మెషీన్‌లో చేరే సున్నం బాగా తగ్గుతుంది. సున్నం గిన్నెకు పడుతుంది, గిన్నె తోముకోవడం తేలిక.

మామూలు స్టీలు ఫిల్టర్ వాడేవాళ్లకు ఈ గొడవ లేదు. అందులో నీళ్లు మరగవు కాబట్టి సున్నం అంతగా పేరుకోదు. చిల్లులు పూడితే అది పొడి, జిడ్డు. పై గిన్నెను గ్యాస్ మంట మీద చూపించి, చల్లారాక బ్రష్‌తో తట్టి తోమే పాత పద్ధతే దానికి సరి. అల్యూమినియం మోకా పాట్ ఉన్నవాళ్లు మాత్రం వంటసోడాను కూడా దూరం పెట్టండి, అల్యూమినియం నల్లబడుతుంది. కింది గదిలో తెల్ల పొర కడితే పలచటి నిమ్మ ఉప్పు నీళ్లు పావుగంట ఉంచి కడిగేస్తే పోతుంది.

రెండు విడతలు చేశాక కూడా నీళ్లు పైకి రాకపోతే మూడో విడత మీద ఆశ పెట్టుకోవద్దు. స్విచ్ వేసినప్పుడు వేడి పళ్లెం వెచ్చబడుతోందా చూడండి. వెచ్చబడుతున్నా నీళ్లు రావట్లేదంటే వాల్వు దగ్గర పెచ్చు అడ్డుపడి ఉండొచ్చు. ట్యాంకు ఖాళీ చేసి, ప్లగ్ తీసి, మెషీన్‌ను సింకులోకి వంచి మెల్లగా తట్టితే ఒక్కోసారి ఊడి వస్తుంది. పళ్లెం చల్లగానే ఉంటే ఫ్యూజో హీటరో పోయింది, అది మెకానిక్ పని. మరమ్మతుకు ఇచ్చే ముందు కొత్త మెషీన్ ధర కూడా ఒకసారి కనుక్కోండి, చిన్న డ్రిప్ మెషీన్లకు హీటర్ మార్పించడం చాలాసార్లు గిట్టుబాటు కాదు.